జైలు గేటు ముందు పుట్టిన సాహిత్యం (రష్యా సాహిత్యం – 4వ భాగం)

మా నాన్న ట్రంకుపెట్టెలో బట్టలకంటే సోవియట్ పుస్తకాలే ఎక్కువ ఉండేవి. ‘అమ్మ’, ‘కాకలు తీరిన యోధుడు’, చెహోవ్ కథలు, ‘జమీల్యా’. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను మా టౌనుకు వచ్చినప్పుడల్లా కూలి డబ్బుల్లోంచి రెండు రూపాయలో మూడు రూపాయలో తీసి కొన్నవి. తెల్లటి కాగితం, గట్టి అట్ట. మా పేటలో అంత గట్టి అట్ట ఉన్న పుస్తకం ఇంకొకటి బైబిలు మాత్రమే.

‘జమీల్యా’ నేను ఎనిమిదో తరగతి సెలవుల్లో చదివాను. ఆ కథ రాసిన చింగిజ్ ఐత్‌మాతోవ్ చిన్నపిల్లవాడుగా ఉండగానే తండ్రిని పట్టుకుపోయారని, 1938 నవంబరులో కాల్చి చంపారని నాకు పీహెచ్‌డీ చేసే రోజుల్లో గానీ తెలియలేదు. తండ్రి పేరు తొరెకుల్. కిర్గిజ్ కమ్యూనిస్టు పార్టీలో పెద్ద నాయకుడు. శవాన్ని ఎక్కడ పూడ్చారో కుటుంబానికి చెప్పలేదు. 1991లో చోన్-తాష్ అనే ఊరి దగ్గర పాత ఇటుకబట్టీలో వందకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటి మధ్య బుల్లెట్ రంధ్రం పడిన ఒక కాగితం దొరికింది. అది తొరెకుల్ ఐత్‌మాతోవ్ మీద పెట్టిన అభియోగపత్రం. కొడుక్కి అప్పటికి 62 ఏళ్ళు.

మన ఇళ్ళలోకి వచ్చిన ఆ అందమైన పుస్తకాల వెనక ఇంత కథ ఉంది. ఈ రోజు రాసేది మాత్రం మన ఇళ్ళలోకి రాని పుస్తకాల గురించి. ఉప్పల లక్ష్మణరావు లాంటి పెద్దలు మాస్కోలో కూర్చుని మనకోసం అనువాదాలు చేస్తున్న కాలంలోనే, అదే మాస్కోలో కొన్ని పుస్తకాలు వంటగిన్నెల్లోనూ దిండ్లలోనూ మనుషుల తలకాయల్లోనూ దాక్కుని ఉన్నాయి.

పోయిన వారం గోర్కీ మీద రాసినప్పుడు రెండు రకాల కామెంట్లు వచ్చాయి. ఒకరు “స్టాలిన్ని తిట్టడం సామ్రాజ్యవాదుల పని మేడం, మీకెందుకు” అన్నారు. ఇంకొకరు “చూశారా, సమానత్వం అంటే చివరికి ఇదే” అని సంబరపడ్డారు. ఇద్దరికీ ఒకే జవాబు. ఇప్పుడు నేను చెప్పబోయే మనుషుల్లో చాలామంది సమానత్వాన్ని నమ్మినవాళ్ళే. నమ్మారు గనకనే, చూసింది చూసినట్టు రాయబోయి దెబ్బతిన్నారు.

ముందు ఆ యంత్రం ఎలా పనిచేసిందో చెప్పుకుందాం. 1922లో గ్లావ్‌లిత్ అనే సెన్సారు శాఖ పెట్టారు. అచ్చయ్యే ప్రతి కాగితం దాని చేతిమీదుగా పోవాలి. 1932లో రచయితల సంఘాలన్నిటినీ రద్దుచేసి ఒకే ఒక్క సోవియట్ రచయితల సంఘం కిందికి తెచ్చారు. ఆ సంఘంలో సభ్యత్వం ఉంటే ఉండడానికి గది, తినడానికి రేషను, అచ్చువేయడానికి ప్రెస్సు. లేకపోతే ఏదీ లేదు. రచయితను జైల్లో పెట్టాల్సిన అవసరం లేకుండానే నోరు నొక్కే ఏర్పాటు అది. 1934 ఆగస్టులో ఆ సంఘం మొదటి మహాసభ జరిగింది. గోర్కీయే దానికి పెద్ద. సోషలిస్టు వాస్తవికత ఒక్కటే రచనా పద్ధతి అని అక్కడే ఖాయం చేశారు. ఆ సభలోనే ఇసాక్ బాబెల్ అనే గొప్ప కథకుడు లేచి, తాను మౌనం అనే ప్రక్రియలో ఆరితేరానని చమత్కరించాడు. 1939 మేలో ఆయన్ని అరెస్టు చేసి, రాతప్రతులన్నీ మూటగట్టి పట్టుకుపోయారు. 1940 జనవరి 27న కాల్చేశారు. ఆ మూటలు ఈ రోజుదాకా దొరకలేదు.

అదే 1934లో ఒక పుస్తకం వచ్చింది. తెల్లసముద్రం నుంచి బాల్టిక్ దాకా ఖైదీలతో తవ్వించిన కాలువ మీద 36 మంది రచయితలు కలిసి రాసిన పుస్తకం. కాలువ పొడవు 227 కిలోమీటర్లు. గడ్డపారలు, చెక్కబళ్ళు, గడ్డకట్టిన నేల. ప్రభుత్వ రికార్డుల లెక్కప్రకారమే 12,000 మందికి పైగా ఖైదీలు అక్కడ చచ్చిపోయారు. శ్రమ మనిషిని ఎలా సంస్కరిస్తుందో పుస్తకం నిండా రాశారు. సంపాదకుల్లో మొదటి పేరు గోర్కీది. ‘అమ్మ’ రాసిన గోర్కీ. నాకు ఇది రాయడం కష్టంగానే ఉంది. ఆయన పుస్తకం చదివే మా నాన్న సంఘంలో చేరాడు. కానీ కూలివాడి చావు మీద కూర్చుని కూలి గొప్పదనం పాడిన పుస్తకం గురించి మనం మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు? మూడేళ్ళకు ఆ పుస్తకం తక్కిన ఇద్దరు సంపాదకుల్ని కూడా కాల్చేశారు, పుస్తకాన్ని లైబ్రరీల్లోంచి తీసేశారు.

ఇప్పుడు అసలు మనుషుల దగ్గరికి వద్దాం.

ఓసిప్ మాండెల్‌స్టామ్ 1933 నవంబరులో స్టాలిన్ మీద ఒక చిన్న కవిత కట్టాడు. పదహారు పంక్తులు. కాగితం మీద పెట్టలేదు. నమ్మిన పదిమందికో పదిహేనుమందికో చదివి వినిపించాడు. విన్న పాస్టర్నాక్, ఇది కవిత్వం కాదు ఆత్మహత్య, నాకు వినిపించలేదనుకో అన్నాడట. ఆ పదిమందిలో ఎవరో ఒకరు చెప్పారు. 1934 మేలో అరెస్టు చేశారు. లుబ్యాంకాలో విచారణ చేసే అధికారి ముందు మాండెల్‌స్టామ్ ఆ కవితను స్వయంగా తన చేత్తో రాసిచ్చాడు. అలా ఆ కవితకు కవి చేతిరాతలో మిగిలిన ప్రతి పోలీసు ఫైల్లోనే భద్రంగా ఉంది! కవిత్వాన్ని ఇంత శ్రద్ధగా దాచిన లైబ్రరీ ఇంకెక్కడా లేదేమో.

మొదటిసారి ప్రవాసశిక్షతో సరిపెట్టారు. నాలుగేళ్ళకు, 1938 మేలో మళ్ళీ పట్టుకున్నారు. ఆ డిసెంబరు 27న వ్లాదివొస్తోక్ దగ్గర ఒక ట్రాన్సిట్ క్యాంపులో చనిపోయాడు. భార్య నదేజ్దా పంపిన పార్సిలు వెనక్కి వచ్చింది. చిరునామాదారుడు చనిపోయినందువల్ల అని. అదే ఆమెకు అందిన చావుకబురు.

నదేజ్దా దగ్గర ఆస్తి ఏమీ లేదు, భర్త కవితలు తప్ప. కాగితాలు దొరికితే కాగితాలూ పోతాయి, మనిషీ పోతుంది. కాబట్టి ఆమె వాటిని కంఠస్థం చేసింది. స్ట్రూనినో అనే ఊళ్ళో బట్టలమిల్లులో రాత్రి షిఫ్టు చేస్తూ, యంత్రాల మధ్య తిరుగుతూ, ఎక్కడ మరిచిపోతానో అని లోపల లోపల వల్లెవేసుకునేది. తర్వాత ఏళ్ళ తరబడి ఒక ఊరి కాలేజీ నుంచి ఇంకో ఊరి కాలేజీకి ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ తిరిగింది. ఎక్కడా నిలవనిచ్చేవాళ్ళు కాదు. కాంట్రాక్టు లెక్చరర్లుగా ఏడాదికో కాలేజీ మారే నా మిత్రులకు ఆ బతుకు సగం తెలుసు. మిగతా సగం ఏమిటంటే, ఆమె తలలో ఒక మహాకవి మొత్తం రచనలు ఉన్నాయి, ఆ సంగతి పక్క టేబుల్లో కూర్చున్న సహోద్యోగికి కూడా తెలియకూడదు. ఇరవై ఏళ్ళకు పైగా అలా మోసింది. 1970లో ఆమె జ్ఞాపకాల పుస్తకం విదేశంలో వచ్చాక గానీ లోకానికి పూర్తి కథ తెలియలేదు. రష్యన్‌లో నదేజ్దా అంటే ఆశ.

అక్షరం రాని మన అమ్మమ్మలు వరినాట్లలో పాడిన పాటలు రాతలోకి ఎక్కలేదు గనక సాహిత్యం కాదన్నారు మన పండితులు. నా పీహెచ్‌డీ వైవాలో కూడా ఒక పెద్దాయన అదే అన్నాడు. రాతే ప్రాణాంతకం అయిన చోట, రాత వచ్చినవాళ్ళందరూ నోటి సాహిత్యం దగ్గరికే చేరారని ఆయనకు అప్పుడు చెప్పలేకపోయాను. సోల్జెనిత్సిన్ క్యాంపులో ఉన్నప్పుడు, లిథువేనియా ఖైదీలు రొట్టెముద్దలతో చేసిచ్చిన జపమాల పూసలు లెక్కపెట్టుకుంటూ వేల పంక్తులు గుర్తుపెట్టుకున్నాడు. దొరికితే దేవుడి మాల అనుకుంటారు.

ఆన్నా అఖ్మాతోవా కథ ఇంకో రకం. ఆమె మొదటి భర్త గుమిల్యోవ్‌ను 1921లోనే, అంటే లెనిన్ బతికుండగానే కాల్చేశారు. ఈ తేదీని మన కామ్రేడ్లు కాస్త గుర్తుంచుకోవాలి. అంతా స్టాలిన్ ఒక్కడి నెత్తిన వేస్తే లెక్క సరిపోదు. కొడుకు ల్యేవ్‌ను 1935లో ఒకసారి, 1938లో ఇంకోసారి పట్టుకున్నారు. లెనిన్‌గ్రాడ్ జైలు గేటు ముందు ఆమె పదిహేడు నెలలు లైన్లలో నిలబడింది. ఆ లైను ఎలా ఉండేదంటే, చిన్న కిటికీ దగ్గరికి చేరడానికి తెల్లవారుజామునుంచి చలిలో నిలబడాలి. చేరాక ఖైదీ పేరు చెప్పి కొంచెం డబ్బు కట్టాలి. డబ్బు తీసుకుంటే మనిషి ఇంకా అక్కడే ఉన్నాడని అర్థం. తీసుకోకపోతే పంపేశారనో, చంపేశారనో. అంతే సమాచారం.

ఆ లైన్లో పేరు తెలియని ఒకావిడ, పక్కనున్నది కవయిత్రి అని ఎవరో అనగా విని, దీన్ని రాయగలవా అని చెవిలో అడిగింది. రాయగలను అంది అఖ్మాతోవా. ఆ ఒప్పందమే ‘రెక్వియెమ్’. ప్రధానంగా 1935 నుంచి 1940 దాకా ముక్కలు ముక్కలుగా వచ్చిన కవితల మాల.

దాన్ని దాచిన పద్ధతి లిదియా చుకోవ్‌స్కయా తన డైరీ పుస్తకంలో చెప్పింది. గోడలకు చెవులున్న ఇల్లు. అఖ్మాతోవా మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, పైకప్పువైపు చూపు తిప్పి, ఒక కాగితం ముక్క మీద గబగబా రాసేది. రాస్తూనే పైకి మాత్రం టీ తాగుతావా, ఎండ బాగా కాసిందే అని గట్టిగా అనేది. చుకోవ్‌స్కయా చదివి కంఠస్థం చేసి కాగితం తిరిగి ఇచ్చేది. అఖ్మాతోవా అగ్గిపుల్ల గీసి యాష్‌ట్రేలో కాల్చేది. అలా ఆ కావ్యాన్ని మోసినవాళ్ళు పదిమంది చిల్లర. ఎక్కువమంది ఆడవాళ్ళు. ఒక్కరూ బయటపెట్టలేదు. పోలీసుల చేతికి చిక్కిన మగాళ్ళ స్నేహాలు ఎన్ని తెగిపోయాయో ఆ కాలపు ఫైళ్ళు చూస్తే తెలుస్తుంది. ఈ ఆడవాళ్ళ గొలుసు మాత్రం తెగలేదు. 1962లో గానీ ఆమె దాన్ని పూర్తిగా కాగితం మీద పెట్టలేదు. 1963లో మ్యూనిచ్‌లో అచ్చయింది. సొంత దేశంలో 1987లో. అప్పటికి ఆమె పోయి 21 ఏళ్ళు.

ఇక నాకు అందరికంటే దగ్గరగా అనిపించే పుస్తకం చుకోవ్‌స్కయా సొంతంగా రాసినది. పేరు ‘సోఫియా పెత్రోవ్నా’. చిన్న నవల. మన విద్యార్థుల్లో చాలామందికి పేరు కూడా తెలియదు. ఇంగ్లీషులో దొరుకుతుంది, వెతికి చదవండి.

చుకోవ్‌స్కయా భర్త మత్వేయ్ బ్రాన్‌స్టైన్ మంచి పేరున్న భౌతిక శాస్త్రవేత్త. 1937 ఆగస్టులో అరెస్టు, 1938 ఫిబ్రవరిలో కాల్చివేత. వయసు 31. భార్యకు చెప్పింది మాత్రం, పదేళ్ళ శిక్ష, ఉత్తరాలు రాసే హక్కు లేదు అని. ఆ మాటకు అర్థం చంపేశామని. అర్థం తెలియక ఎన్ని వేలమంది ఆడవాళ్ళు పదేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారో! 1937, 38 రెండేళ్ళలోనే దాదాపు 6,80,000 మందిని కాల్చారని ఆ పోలీసు శాఖ సొంత లెక్క. జిల్లాకు ఇంతమంది అని ముందే కోటా వేసి పంపారు. కోటా నిండితే ఇంకొంచెం పెంచమని కిందివాళ్ళే అర్జీలు పెట్టుకున్నారు.

అలాంటి రోజుల్లో, 1939-40 చలికాలంలో, ఆమె ఒక స్కూలు నోటుపుస్తకంలో ఆ నవల రాసింది. ఇరవై ఏళ్ళ తర్వాత గుర్తుచేసుకుని రాసింది కాదు. జరుగుతున్నప్పుడే, అదే ఊళ్ళో కూర్చుని. ఆ నోటుపుస్తకాన్ని దాచిన మిత్రుడు లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోతూ దాన్ని తన సోదరికి అప్పగించాడు. అలా బతికింది.

కథ ఇది. సోఫియా పెత్రోవ్నా భర్త పోయిన మామూలు మనిషి. ఒక ప్రచురణ సంస్థలో టైపిస్టు. ప్రభుత్వం అంటే నమ్మకం, పత్రికలో వచ్చింది నిజం. కొడుకు కోల్యా ఇంజనీరు, ఫోటో ‘ప్రావ్దా’లో పడింది. ఒకరోజు వాడిని అరెస్టు చేశారని తెలుస్తుంది. ఆమె జైలు ముందు లైన్లో నిలబడుతుంది. చుట్టూ వందల మంది ఆడవాళ్ళు. వాళ్ళను చూసి ఆమె ఏమనుకుంటుంది? పాపం అనుకోదు. వీళ్ళందరూ దొంగల తల్లులు, విద్రోహుల పెళ్ళాలు, వీళ్ళ మధ్య నేను నిలబడాల్సి వచ్చిందే అనుకుంటుంది. నా కొడుకు విషయంలో పొరపాటు జరిగింది, వీళ్ళ విషయంలో మాత్రం ప్రభుత్వం సరిగ్గానే చేసింది అనుకుంటుంది. పక్కావిడతో మాట కలపదు. అక్కడున్న ప్రతి తల్లీ అలాగే అనుకుంటోందేమోనన్న ఆలోచన ఆమెకు రాదు. నవల చివర కొడుకు దగ్గరనుంచి ఒక ఉత్తరం వస్తుంది, కొట్టి ఒప్పించారని. అప్పటికి ఆమె మతి చెదిరి ఉంటుంది. ఆ ఉత్తరాన్ని తనే కాల్చేస్తుంది.

అఖ్మాతోవా కాగితాలు కాల్చింది లోపల దాచుకున్నాక. సోఫియా పెత్రోవ్నా కాల్చింది లోపల దాచుకునే చోటు లేక. రెండు రకాల బూడిదా ఒకే ఊళ్ళోది.

ఈ నవల తర్వాతి కథ కూడా తమాషాగా ఉంటుంది. క్రుశ్చేవ్ కాలంలో గాలి కొంచెం మారింది. 1962లో సోల్జెనిత్సిన్ క్యాంపు నవల మాస్కో పత్రికలోనే అచ్చయింది. ఆ ఊపులో ఒక ప్రభుత్వ ప్రచురణ సంస్థ ‘సోఫియా పెత్రోవ్నా’ను కూడా వేస్తామని ఒప్పందం రాసి, పారితోషికంలో 60 శాతం ముందే ఇచ్చింది. ఇంతలో గాలి మళ్ళీ తిరిగింది. వేయమన్నారు. చుకోవ్‌స్కయా ఊరుకోలేదు. మిగతా 40 శాతం ఇవ్వాలని కోర్టుకు వెళ్ళింది. గెలిచింది! సోవియట్ కోర్టు సోవియట్ సంస్థ చేత డబ్బు కట్టించింది, పుస్తకం మాత్రం అచ్చువేయించలేదు. కోర్టులో నిలబడి తన నవలలో ఏముందో గట్టిగా చెప్పే అవకాశం ఆమెకు దక్కింది. 1965లో పారిస్‌లో వచ్చింది. 1974లో ఆమెను రచయితల సంఘంలోంచి గెంటేశారు. 1988లో సొంత దేశంలో అచ్చయింది. చూసుకునేదాకా ఆమె బతికుంది.

ఆంద్రేయ్ ప్లాతోనోవ్ గురించి వేరే భాగమే రాయాలి, ఇప్పుడు నాలుగు ముక్కలు. రైల్వే కార్మికుడి కొడుకు. విప్లవం తనదే అనుకున్నవాడు. వొరోనెజ్ ప్రాంతంలో చెరువులు తవ్వించి, కరువుతో కొట్లాడిన ఇంజనీరు. 1930లో ‘పునాదిగుంత’ అనే నవల రాశాడు. కార్మికులందరూ ఉండబోయే మహాభవనానికి గుంత తవ్వుతూనే ఉంటారు, భవనం ఎప్పటికీ లేవదు, గుంతలో చివరికి ఒక పసిపిల్లను పూడుస్తారు. 1987 దాకా ఆ దేశంలో అచ్చు కాలేదు. ఆయన్ని అరెస్టు చేయలేదు. పదిహేనేళ్ళ కొడుకుని చేశారు. కొడుకు క్షయతో తిరిగివచ్చి 1943లో పోయాడు. తండ్రి కూడా అదే జబ్బుతో 1951లో. మనం పుట్టిన చోటునుంచి చూస్తే ఆ రచయితలందరిలో మనవాడు ఇతనే. పెద్దింటి కవుల కష్టాలు నలుగురికీ తెలిశాయి, ప్లాతోనోవ్ పేరు ఇప్పటికీ సిలబస్‌లో కనిపించదు. సిలబస్ కమిటీలో ఎవరుంటారో మీకు చెప్పక్కర్లేదు.

వాసిలీ గ్రాస్‌మన్ నవల ‘జీవితం – విధి’ సంగతి విచిత్రం. 1961 ఫిబ్రవరిలో మనిషిని వదిలేసి నవలను అరెస్టు చేశారు. రాతప్రతులే కాదు, కార్బన్ పేపర్లు, టైపు మిషన్ రిబ్బన్లు కూడా పట్టుకుపోయారు. పార్టీ పెద్ద సూస్లోవ్, ఇది రెండు మూడు వందల ఏళ్ళదాకా అచ్చు కాదు అన్నాడు. ఓ మిత్రుడి దగ్గర దాచిన ప్రతి వల్ల 1980లో స్విట్జర్లాండ్‌లో, 1988లో మాస్కోలో వచ్చింది. గ్రాస్‌మన్ 1964లోనే పోయాడు.

ఇక బాబాసాహెబ్ మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. 1956 ఫిబ్రవరిలో క్రుశ్చేవ్ మూసిన తలుపుల వెనక స్టాలిన్ నేరాలను పార్టీకి చెప్పాడు. అదే ఏడు నవంబరులో, తన చివరి రోజుల్లో, అంబేద్కర్ కాఠ్మండూలో బుద్ధుడు, కార్ల్ మార్క్స్ గురించి ప్రసంగించాడు. దోపిడీ పోవాలన్న గమ్యంలో మార్క్స్‌తో ఆయనకు తగువు లేదు. తగువంతా దారి దగ్గర. నియంతృత్వం కొంతకాలం పనికొస్తుందనుకున్నా, అది శాశ్వతంగా ఎందుకుండాలి, అది తీసేశాక ఏది మిగులుతుంది అని అడిగాడు. స్వేచ్ఛనూ సోదరభావాన్నీ బలిపెట్టి తెచ్చిన సమానత్వానికి విలువ లేదన్నాడు. ఆయన ‘రెక్వియెమ్’ చదవలేదు, అప్పటికి అది పదిమంది ఆడవాళ్ళ తలల్లోనే ఉంది. అయినా ప్రశ్న సరిగ్గా అక్కడే తగిలింది.

చివరగా ఒక ఇంటి సంగతి. నేను ఇంటర్ చదివేటప్పుడు మా మామయ్యను ఒక ఊరేగింపు కేసులో పట్టుకున్నారు. ఇరవైరెండు రోజులు లోపల ఉన్నాడు. మా అమ్మ ములాఖత్ కోసం పొద్దున్నే టిఫిన్ గిన్నె పట్టుకుని వెళ్ళేది, నేనూ వెంట వెళ్ళేదాన్ని. లైన్లో ముందు నిలబడ్డ ముసలావిడ ఒకరోజు అమ్మను అడిగింది, “మీవోడు ఏం చేశాడమ్మా?” అని. అమ్మ చీర కొంగు దగ్గరికి లాక్కుని, “మావోడు ఏమీ చెయ్యలేదు, మాది వేరే కేసు” అని మొహం తిప్పుకుంది. ఇంటికి వచ్చాక నాతో, “అందరూ దొంగల తల్లులే అక్కడ, వాళ్ళతో మాటలు పెట్టుకోకు” అంది.

ఈ మధ్య ‘సోఫియా పెత్రోవ్నా’ కథ అమ్మకు తెలుగులో చెప్పాను. లైను దాకా వచ్చేసరికి అమ్మ చేస్తున్న పని ఆపింది. కాసేపటికి, “ఆ ముసలామె కొడుకు కూడా ఏమీ చేసుండడే” అంది.